అడిగాను. సరి.

లేనిదాన్ని ఉందనడం అబద్ధం, అంతవరకు సందేహం లేదు, కానీ తను ఆ రోజు అన్నది "ఉంది" అన్న ఒక్క మాటే, ఇరవై నాలుగేళ్లుగా ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉంది, ఒకోసారి అబద్ధం అందులోనే స్పష్టంగా కనబడుతుంది, ఒకోసారి అది జవాబులో కాదు, ప్రశ్నలోనే ఉందేమో అనిపిస్తుంది, అలా అనిపించిన వెంటనే భయం వేస్తుంది, ఎందుకంటే ఇప్పుడు ఆ ప్రశ్న అడిగేది తనే.

ఇస్త్రీపెట్టె మీది ఎర్రదీపం ఆరింది. లీలారాణి ఉలిక్కిపడి కిందికి చూసింది. ముసుగు కాలలేదు. ఇంకా పెట్టె ఆనించనే లేదు.

మూడు దాటింది. ఐదింటికి షీబా వస్తుంది. ఎల్లుండి శనివారం షీబా పెళ్లి.

ముసుగు లీలారాణిది కాదు, సంఘానిది. గరివిడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ చిన్న బాప్టిస్టు సంఘానికి ఎప్పుడో ఒక దొరసాని తన పెళ్లి ముసుగును వదిలి వెళ్లిందట. అప్పట్నుంచి అక్కడ ఏ పెళ్లికూతురైనా దాన్నే వేసుకుని గుడిలోకి నడుస్తుంది. బజార్లో ఇంతకన్నా మంచివి దొరుకుతాయి, అయినా ఎవరూ కొనరు. దీన్ని ఊరికే ఇవ్వరు, అదే దీని విలువ. పెళ్లికి ముందు గురువారం స్త్రీల సమాజం కార్యదర్శి పెళ్లికూతుర్ని ఒంటరిగా కూర్చోబెట్టి, మడతపెట్టిన ముసుగు మీద చెయ్యి పెట్టించి, "ఇది వేసుకోడానికి నీకు అర్హత ఉందా అమ్మా?" అని అడుగుతుంది. ఏ అర్హతో విడమరిచి చెప్పాల్సిన పని ఇంతవరకు ఎవరికీ రాలేదు. ఉంది అంటే రేకుపెట్టెతో సహా ఇచ్చి పంపుతుంది. పెట్టెతో పాటు ఒక నోటు పుస్తకం ఉంటుంది. అందులో పెళ్లికూతురి పేరు, తేదీ రాసి, పక్కన "అడిగాను. సరి. ఇచ్చాను" అని సంతకం పెడుతుంది. శుక్రవారం ఉదయం పాస్టరుగారూ సంఘ పెద్దలూ ఆ పుస్తకం చూస్తారు. ముసుగు దొరకని పిల్లకు గుడిలో పెళ్లి లేదు. ఇంటి పెరట్లో, చీరకొంగు తలమీద కప్పుకుని చేసుకోవాలి. ఇలా అడగడాన్ని మాట తీసుకోవడం అంటారు.

పెళ్లికొడుకు దగ్గర ఎవరూ ఏ మాటా తీసుకోరు. సూటు కొలతలు తీసుకుంటారు.

పదమూడేళ్లుగా లీలారాణి కార్యదర్శి. ఉద్యోగం ఏఎన్ఎమ్. సూదులు వేసే చెయ్యి, ఎవరి ఇంట్లోనూ వణకని చెయ్యి అని ఆమెకు పేరు. ఆ చెయ్యి ఈవేళ పొద్దున్నుంచి ఏది పట్టుకున్నా జారవిడుస్తోంది.

పొద్దున షీబా ఫోన్ చేసింది.

"వందనాలు పిన్నీ. ఐదింటికి వస్తాను గానీ ముందే సెప్పేస్తన్నాను. నువ్వు అడుగు. నేను సెప్పను."

"సెప్పనంటే ఏటే? ఉందంటే ఒక్క ముక్క కదా."

"ఉన్నా సెప్పను, లేకపోయినా సెప్పను. ఇంకేటైనా అడుగు పిన్నీ. కూర ఏటొండినావంటే సెప్తాను."

నవ్వి పెట్టేసింది. ఆ నవ్వు అప్పట్నుంచి చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఏమీ లేని పిల్ల అలా నవ్వగలదా, ఏదో ఉన్న పిల్ల అయితే అసలు నవ్వగలదా, రెండిటిలో ఏది అని తను ఎందుకింత తహతహగా లెక్కలు వేస్తోంది? లీలారాణికి తనలో ఒకటి కనబడింది. అది భయం కాదు, భయం పక్కనే నక్కి కూర్చున్న ఆకలి. తెలుసుకోవాలి. షీబా సంగతి తెలిస్తే తనకేం ఒరుగుతుంది? ఏమీ లేదు. అయినా తెలుసుకోవాలి.

ముసుగు మీద ఇస్త్రీపెట్టెను మెల్లగా నడిపింది. కలరా ఉండల వాసన వేడికి పైకి లేచింది. ఈ వాసన తగిలితే చాలు, ఆమె ముక్కుకు తన పెళ్లి గుర్తొస్తుంది.

పోయిన నెల హైస్కూల్లో ఆడపిల్లలకు ఆరోగ్యం క్లాసు చెప్పడానికి వెళ్లింది. చివర్లో ఒక తొమ్మిదో తరగతి పిల్ల లేచి, "మేడమ్, సైకిల్ తొక్కితే పోతాదంట కదా?" అంది. క్లాసంతా కిసుక్కుమంది. లీలారాణి నవ్వలేదు. అలాంటిదేదీ ఒంటి మీద రాసి ఉండదమ్మా, ఎంత పెద్ద డాక్టరైనా చూసి చెప్పలేడు, అలా చెప్తానన్నవాణ్ని నమ్మకండి, అని స్థిరంగా చెప్పింది. హెడ్‌మిస్ట్రెస్ మెచ్చుకుంది. బస్సులో తిరిగి వస్తూ ఉండగా చీపురుపల్లి దగ్గర ఉన్నట్టుండి చెమట పట్టింది. ఒంటి మీద లేనిదాన్ని, ఎవరూ చూడలేనిదాన్ని, తను పదమూడేళ్లుగా ఒక రేకుపెట్టె ముందు కూర్చుని ఏమని అడుగుతోంది?

తెలియడం వేరే చోట ఉంటుంది, భయం వేరే చోట ఉంటుంది. రెంటికీ మధ్య దారి లేదని ఆమెకు తన మొదటి కడుపు పోయినప్పుడే తెలిసింది. మూడో నెలలో పోయింది. ఇలా చాలామందికి జరుగుతుంది, మీ తప్పేం లేదు అని డాక్టరు చెప్పింది. అదే మాట లీలారాణి తర్వాత ఎంతమందికో చెప్పింది. కానీ ఆ రోజు మంచం మీద పడుకుని ఆమె అనుకున్నది ఒకటే: ముసుగు మీద చెయ్యిపెట్టి ఉందన్నాను కదా, అందుకే.

గేటు చప్పుడైంది. థామస్. ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు దిగి వచ్చాడు.

"ఏటే, ఇంకా ఆ గుడ్డకే ఇస్త్రీ సేస్తన్నావేటి? పెళ్లికూతురి కన్నా నీకే కంగారెక్కువైపోనాది."

"అన్నం పెట్టీమంటావా?"

"పెట్టు. నెత్తళ్లున్నాయా, సేపలన్నీ నువ్వే లాగించీసినావా?"

పెట్టింది. థామస్ కింద కూర్చుని తృప్తిగా కలుపుకున్నాడు. సంఘ పెద్దలు ఐదుగురిలో అతనొకడు. మంచివాడే. ఎప్పుడూ చెయ్యెత్తలేదు, తాగడు, ఆమె జీతం అడగడు. నిద్ర కూడా బాగా పడుతుంది అతనికి. ఆ నిద్రను లీలారాణి ఇరవై నాలుగేళ్లుగా పక్కన పడుకుని చూస్తోంది.

"పాస్టరుగారు ఫ్యాక్టరీకే ఫోన్ సేసినారు" అన్నాడు నములుతూ. "షీబా అప్ప సంగతి అందరికీ తెలిసిందే కదా, సెల్లి దగ్గర గట్టిగా మాట తీసుకోమని మీ ఆవిడికి సెప్పండి అన్నారు. పెళ్లికొడుకోళ్లు ఆమదాలవలసోళ్లు. పెద్ద సంఘం. మన పేరు పోకూడదంట."

"పెళ్లికొడుకు దగ్గర ఎవులు తీసుకుంటారు మాట?"

"మగోడి దగ్గరేటి తీసుకుంటారే?" థామస్ నవ్వాడు. "ఆడి కాడేటుంటాది పోడానికి?"

ఆమె మజ్జిగ గిన్నె అతని ముందు పెట్టి, అక్కడే నేల మీద కూర్చుంది. అడుగుదామని అనుకోలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"బొబ్బిల్లో మీ పిన్నోళ్ల ఇల్లు గుర్తుందా?"

"ఏది, పెంకుటిల్లా? దాన్ని పడగొట్టీసి మేడ కట్టీసినారు కదా."

"మన పెళ్లికి రెండు నెల్ల ముందు. అందరూ ప్రార్థన కూటాలకి ఎళ్లిపోనారు. వాన."

థామస్ నమలడం ఆపాడు. గోడకేసి చూశాడు. వెతికాడు. తర్వాత అతని ముఖం మెల్లగా వెలిగింది, పాత గ్రూపు ఫోటోలో తనను తాను పోల్చుకున్నవాడిలా.

"ఓలమ్మో! ఆ సంగతా! ఇప్పుడెందుకు గుర్తొచ్చిందే అది నీకు, ముసిల్దానా?"

"నాకు ఇప్పుడు గుర్తు రాలేదు. నేను ఎప్పుడూ మర్సిపోలేదు."

"మర్సిపోడానికేటి, మంచి సంగతే కదా."

మంచి సంగతే. అది ఆమెకూ తెలుసు. బలవంతమేమీ లేదు. పెంకుల మీద వాన, తడిసిన మల్లెపందిరి వాసన, ఆమెకూ ఇష్టమే. ఆ ఇష్టాన్నే ఆమె ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు, తన దగ్గర కూడా.

"తరవాత లక్ష్మణమ్మగారు నన్ను మాట అడిగినారు. ముసుగు మీద సెయ్యి పెట్టించి."

"అడిగితే?"

"ఉందన్నాను."

"మంచి పని సేసినావు. లేదన్నావంటే నా పెళ్లి పెరట్లో అయిపోయీది, కోళ్ల మధ్యన." మజ్జిగ పోసుకున్నాడు. "అయినా అందులో తప్పేటున్నాదే? మనం మనమే కదా. పెళ్లాడీసుకున్నాం కదా."

"మెర్సీ కూడా తన పెళ్లికొడుకుతోనే కదా."

థామస్ కంచంలో చెయ్యి ఆగింది. మెర్సీ షీబా అప్ప, అంటే అక్క. పదకొండేళ్లుగా ఈ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు.

"అది వేరు" అన్నాడు.

"ఏటి వేరు?"

అతను నిజంగానే ఆలోచించాడు. నీళ్లు తాగాడు. "ఆ గుంట సెప్పీసింది కదా" అని లేచి వెళ్లి చెయ్యి కడుక్కున్నాడు. కాసేపటికి లోపలి గదిలోంచి గురక వినబడింది.

సెప్పీసింది కదా. లీలారాణి ఎంగిలి కంచం ముందే కూర్చుండిపోయింది.

పదకొండేళ్ల కిందట, మెర్సీ పెళ్లి వారం, గుళ్లో ఉపవాస ప్రార్థనలు జరిగాయి. దాచుకున్నది చెప్పేస్తే మనసు తేలికవుతుందని ప్రసంగీకుడు మూడు సాయంత్రాలు చెప్పాడు. గుళ్లో అందరూ తల ఊపారు. నిజంగా నమ్మింది మెర్సీ ఒక్కతే. గురువారం వచ్చి కూర్చుని, ముసుగు మీద చెయ్యి పెట్టి, "లేదు పిన్నీ" అంది. మెచ్చుకోవడం కోసం చూస్తున్న పిల్లలా ముఖం ఎత్తింది. "ఆయనతోనే పిన్నీ. ఒక్కసారే. సెప్పేయాలనిపించింది."

గదిలో ఇంకెవరూ లేరు. పిచ్చిదానా, ఉందని చెప్పు, అంటే సరిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ మెర్సీ చేతి మీద ఉన్న తన చెయ్యి కాలినట్టయింది. ఈ పిల్లను వదిలేస్తే ఈ పిల్ల నిజం వచ్చి తన అబద్ధం పక్కన కూర్చుంటుంది, ఇద్దరూ ఒకటే పోలిక అని ఎవరో ఒకరు కనిపెడతారు, ముందు పాత కార్యదర్శి లక్ష్మణమ్మగారు, ఆ తర్వాత అందరూ. అప్పుడు ఇంత ఆలోచన లేదు. అప్పుడు చెయ్యి మాత్రమే వెనక్కి తీసుకుంది. పుస్తకం తీసి, "అడిగాను. ఇవ్వలేదు" అని రాసింది. ఆ రాత ఎంత కుదురుగా ఉందో. మిగతా ఏ పేజీలోనూ అంత అందంగా రాయలేదు.

శుక్రవారం సాయంత్రానికి పెళ్లికొడుకువాళ్లకు సంగతి తెలిసి వెళ్లిపోయారు. మావాడితోనే ఇలాగైతే ఇంకెవరితో ఎలాగో అన్నారట. ఆ అబ్బాయి ఆరు నెలలకు ఇంకో ఊరి గుడిలో పెళ్లి చేసుకున్నాడు. మెర్సీ విశాఖ వెళ్లిపోయింది. అక్కడ కళ్లద్దాల షాపులో పని. లీలారాణి చత్వారానికి అద్దాలు మార్చాల్సి వచ్చిన ప్రతిసారీ విజయనగరంలోనే చేయించుకుంటుంది. విశాఖలో కళ్లద్దాల షాపులు వందలున్నాయని ఆమెకు తెలుసు.

ఆమె పుస్తకం తెరిచి తన రాత ఉన్న పేజీలు తిరగేసింది. నలభై ఒక్కమంది. నలభైమంది ఉందన్నారు. అందులో ఎంతమంది తనలాంటివాళ్లో తెలియదు, తెలిసే వీలు లేదు. పదమూడేళ్లలో ఈ ప్రశ్న పట్టుకున్నది ఒక్కర్ని. నిజం చెప్పినదాన్ని.

వెనక్కి, ఇంకా వెనక్కి వెళితే లక్ష్మణమ్మగారి గొలుసుకట్టు రాతలో తన పేరు. లీలారాణి. అడిగాను. సరి. ఇచ్చాను.

ఐదుకి పది నిమిషాలుండగా బయట స్కూటీ ఆగింది. కిటికీలోంచి చూసింది. షీబా దిగింది. వెనక సీటు మీద ఇంకొకావిడ ఉంది. ఎండకి చున్నీ తలచుట్టూ కట్టుకుంది, కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. అవి చాలు. లీలారాణి కిటికీ పక్కకు తప్పుకుంది, తన ఇంట్లో తనే దొంగలా.

షీబా చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

"అప్ప గేటు కాడే ఉంటానంది పిన్నీ. లోపలికి రమ్మంటే, ఆ పెట్టెని మళ్లీ సూడను అంది."

"నీళ్లు తాగుతావా?"

"వద్దు. కూసోమంటావా?"

కూర్చుంది. మధ్యలో స్టూలు మీద మడతపెట్టిన ముసుగు. ఇంతవరకు ఎవరికీ చెప్పనక్కర లేకుండానే పిల్లలు దాని మీద చెయ్యి పెట్టేవారు. షీబా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. గోరింటాకు ఇంకా పండలేదు, నారింజ రంగులో ఉంది.

"పొద్దున అలగ నవ్వినావేటే?"

"భయమేసి" అంది షీబా. "నిన్నట్నించి నాకు అన్నం దిగట్లేదు పిన్నీ. భయమేస్తే నాకు నవ్వొచ్చీస్తాది."

లీలారాణి ముసుగు మడతను మళ్లీ సరిచేసింది.

"అడుగు. అడగడం నీ పని కదా. అప్ప పెళ్లి ఆగిపోనప్పుడు నాకు పదిహేనేళ్లు. పెరట్లో ఏసిన పందిరి నాన్న ఒక్కడే పీకినాడు. ఎవులూ సాయం రాలేదు. తాటాకులు పట్టుకుని నేను ఎనకాల తిరిగినాను. అప్పుడే అనుకున్నాను, ఈ మాటకి నేను జవాబు సెప్పనని. ఉన్నాదని సెప్తే అప్పని లేనిదాన్ని సేసినట్టు కదా."

"నేను ఇవ్వనంటే?"

"అప్ప చున్నీ కప్పుకుంటాను. సంజయ్‌కి సెప్పీసినాను. పెరడైనా పర్లేదన్నాడు. ఆళ్లమ్మ ఏటంటాదో." గేటుకేసి ఒకసారి చూసింది. మళ్లీ ఇటు తిరిగింది. "అడుగు పిన్నీ. బేగి అయిపోతాది."

లీలారాణి నోరు తెరిచింది. ఇది వేసుకోడానికి. నలభై ఒక్కసార్లు అన్న మాట, నిద్రలో లేపినా అనగలదు. లోపలి ఆకలి ముందుకు వంగి కూర్చుంది. అడిగితే చాలు, జవాబు రాకపోయినా ముఖంలో ఏదో ఒకటి కదులుతుంది, కళ్లు దిగుతాయి, మెడ మీద నరం కొట్టుకుంటుంది, అది చదవడం తనకు వచ్చు. ఆ పిల్ల ముఖంకేసి చూడకుండా ఉండటానికి ఆమె తన చేతులకేసి చూసుకుంది.

నాది చెప్పేస్తే? బొబ్బిలి, వాన, అన్నీ ఈ పిల్ల ముందు పోసేస్తే? తేలికవుతుంది. అవుతుంది, తనకు. పెళ్లి రెండు రోజుల్లో పెట్టుకుని అన్నం దిగని పిల్ల దాన్ని మోసుకుంటూ స్కూటీ ఎక్కాలి. చెప్పించుకున్నదీ చాలు, చెప్పుకోవడమూ వద్దు.

లోపల గురక ఆగింది. థామస్ మంచం మీద కదిలాడు. రేపు ఉదయం పదింటికి ఈ పుస్తకం గుడి బల్ల మీద ఉంటుంది. పాస్టరుగారు కళ్లజోడు పెట్టుకుంటారు. ఐదుగురు పెద్దలు. "సరి" అని లేకపోతే ఎందుకని అడుగుతారు. మొదట మర్యాదగా అడుగుతారు, తర్వాత, నీ సంగతేటి లీలారాణీ, అని ఎవరో ఒకరు అంటారు. థామస్ అప్పుడు తల ఎటు తిప్పుకుంటాడు? "సరి" అని రాసేస్తే సరిపోతుంది, అంతా అయిపోతుంది, ఈ పిల్ల గుడిలో నడుస్తుంది, తనూ మిగులుతుంది. నలభై ఒకటో సరి. ఆ తర్వాత నలభై మూడో పిల్ల వచ్చి ఇదే స్టూలు ముందు కూర్చుంటుంది.

"పిన్నీ?" అంది షీబా.

లీలారాణి పుస్తకం ఒళ్లోకి తీసుకుంది. పెన్ను మూత తీసింది. షీబా పేరు రాసింది. తేదీ రాసింది. చెమటకు కాగితం అరచేతికి అంటుకుంటోంది. గేటు దగ్గర ఎవరో దగ్గారు, లేక తనకే అలా వినబడిందేమో.

"అడగలేదు" అని రాసింది. పక్కన "ఇచ్చాను" అని రాసింది. అక్షరాలు వంకరగా వచ్చాయి. వాటి కింద, ఎవరూ పొరబడటానికి వీల్లేకుండా, తన పూర్తి పేరు పెట్టి సంతకం చేసింది.